కొట్టు పిల్లలకు అప్పగించాక దానం ఎలా మొదలుపెట్టాలి

నలభై ఒక్క ఏళ్లు విశాఖ పూర్ణా మార్కెట్‌లో కిరాణా వ్యాపారం చేశాను. నాన్నగారు ఒక్క షట్టరుతో పెట్టిన కొట్టు నా చేతుల మీదుగా మూడు కొట్లయింది. 2019లో అబ్బాయికి అప్పగించి గల్లాపెట్టె దగ్గర నుంచి లేచాను. అప్పటి నుంచి నా పని ఇవ్వడమే. పొద్దున్న ఎనిమిదింటికి బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుతున్నాను.

మార్కెట్‌లో నా ఈడువాళ్లు, నాకంటే చిన్నవాళ్లు కూడా వచ్చి "అన్నా, మేమూ ఏదో ఒకటి చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అంటుంటారు. ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెట్టడం మంచిదనిపించింది. కోట్లు ఉన్నవాళ్లకే ఇది అనుకోకండి. నెలకు ఐదు వేలు పక్కన పెట్టగలిగినా ఇందులోని ప్రతి మాటా మీకు పనికొస్తుంది.

ముందు బాకీలు

2011లో మా కొట్లో ఒక గుమాస్తా పని మానేశాడు. ఇరవై ఆరేళ్లు చేశాడు. మోకాళ్లు అరిగిపోయి బస్తాల మధ్య తిరగలేకపోయాడు. ఒక నెల జీతం, పంచెల చాపు ఇచ్చి పంపించాను. అదే నెలలో ఒక గుడి అన్నదానానికి లక్ష రూపాయలు రాయించాను. రాతి పలక మీద నా పేరు చెక్కారు. ఆ రాత్రి మా ఆవిడ అన్నం వడ్డిస్తూ ఒక్క మాట అడిగింది. "గుడికి లక్ష ఇచ్చారు, బాగుంది. మన బస్తాల మధ్య కాళ్లు పోగొట్టుకున్న మనిషికి ఎంతిచ్చారండీ?"

నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు ఆడిటర్ గారిని అడిగాను. పది మంది లేక అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం చొప్పున లెక్క కట్టాలని చెప్పారు. అప్పటికి మాకున్నది రెండు కొట్లు, ఎనిమిది మంది మనుషులు. చట్టం నా జోలికి రాదు. అయినా ఆ లెక్కే వేసి, అల్లిపురంలో అతని ఇంటికి వెళ్లి చెక్కు ఇచ్చాను. "షావుకారు గారూ, ఇది అప్పా, దానమా?" అన్నాడు. "రెండూ కాదు, నీకు రావాల్సిందే. ఆలస్యంగా తెచ్చాను" అన్నాను.

అందుకే మొదలుపెట్టే ముందు ఒక కాగితం తీసుకుని రాయండి. పనివాళ్లకు రావాల్సింది ఎంత, పీఎఫ్, ఈఎస్ఐ సరిగ్గా కట్టామా, సరుకు ఇచ్చినవాళ్ల బకాయిలేమైనా ఉన్నాయా, చేబదుళ్లు ఎన్ని, అక్కచెల్లెళ్లకు ఇవ్వాల్సిన వాటా ఇచ్చామా. ఇవన్నీ తీరాక మిగిలిందే మనం దానం చేయగలిగిన డబ్బు. ఒకరికి రావాల్సింది ఆపి ఇంకొకరికి ఇస్తే, ఇచ్చింది ఎవరి డబ్బో మనకే తెలియాలి.

ఎంత ఇవ్వాలి

అసలు సొమ్మును ముట్టుకోకండి, దాని మీద వచ్చే రాబడి ఇవ్వండి. నేను గాజువాక కొట్టు మీద వచ్చే అద్దె మొత్తం దీనికే రాసేశాను. అది నెలకు నలభై వేలు. ఆ నలభై వేలు దాటి ఒక్క రూపాయి కూడా ఇంటి డబ్బులోంచి తీయను. మీ ఇద్దరి ముసలితనానికి, ఆసుపత్రికి కావాల్సింది ముందు పక్కన పెట్టుకోండి. రేపు మనమే పిల్లల దగ్గర చెయ్యి చాచే పరిస్థితి వస్తే ఇచ్చిన దానం ఇంట్లో గొడవై కూర్చుంటుంది.

పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పండి. స్వార్జితం మీ ఇష్టం. పిత్రార్జితంలో వాళ్లకూ హక్కు ఉంది, దాన్ని ఒక్కరే దానం రాయలేరు. మా అబ్బాయి మొదట ముభావంగా ఉన్నాడు. రాబడి తప్ప ఆస్తి కదలదని కాగితం మీద చూపించాక తేలికపడ్డాడు. ఇప్పుడు ఏడాదికోసారి వాడే నా ఖాతా తనిఖీ చేస్తాడు.

ఏం కావాలో అడగండి

ఇది నేను నేర్చుకున్నది 2014 అక్టోబరులో. 12వ తేదీ ఆదివారం హుద్‌హుద్ తుపాను ఊరి మీద పడింది. విశాఖలో ఆ రోజు ఉన్నవాళ్లెవరూ దాన్ని మరిచిపోలేరు. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు పలకలేదు. మోటార్లు ఆగిపోవడంతో నీళ్ల కోసం జనం బిందెలు పట్టుకుని తిరిగారు.

కొట్లో తడవకుండా మిగిలిన బియ్యాన్ని ఐదేసి కిలోల సంచులు కట్టించి మూడో రోజు వ్యాన్‌లో పెదజాలరిపేట తీసుకెళ్లాను. ఒక పెద్దామె సంచి అందుకుని అలాగే నిలబడింది. "బియ్యమున్నాయి బాబూ. పొయ్యి తడిసిపోనాది, కట్టెలు నానిపోనాయి, నీల్లు లేవు. ఈటితో ఏటి సేసుకోవాలి?" అంది.

"మరేం కావాలమ్మా?" అని అడిగాను. తాగే నీళ్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పిల్లలకు అటుకులు, బిస్కెట్లు, పైన కప్పుకోవడానికి టార్పాలిన్ అంది. నీళ్లూ టార్పాలినూ తప్ప మిగతావన్నీ మా కొట్లోనే ఉన్నాయి! అటక మీద పెట్టెల నిండా కొవ్వొత్తులున్నాయి. ముప్పై ఆరేళ్లుగా కొట్టు మెట్టెక్కిన ప్రతి మనిషినీ "ఏం కావాలండీ" అని అడిగిన నేను, ఊరికే ఇచ్చేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. డబ్బు తీసుకోని చోట అడగక్కర్లేదని ఎలా అనుకున్నానో ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వెనక్కి వెళ్లి కొవ్వొత్తులు, అటుకులు ఎక్కించుకుని చీకటి పడేలోపు మళ్లీ వచ్చాం.

అడగడంలో కూడా పద్ధతి ఉంది. "మీకేం కావాలి" అని సూటిగా అడిగితే చాలామంది మొహమాటపడతారు, లేదా మీరు ఏం తెచ్చారని అనుకుంటారో అదే చెబుతారు. నేను అడిగే ప్రశ్న వేరు: "ఈ మధ్య దేనికి అప్పు చేశారు?" ఇంటి ఆడవాళ్లను అడగండి, వాళ్లకు రూపాయితో సహా గుర్తుంటుంది. ఆ వీధి ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచర్‌ను కూడా అడగండి. ముగ్గురి నోటా ఒకే మాట వస్తే అదే అసలు అవసరం.

విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్) దగ్గర నేను చేస్తున్న పని ఇలాగే తేలింది. 1923 నుంచి ఉన్న ఆసుపత్రి అది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అరకు వైపు నుంచే కాదు, ఒడిశా నుంచి కూడా రోగులు వస్తారు. నేను మొదట మందులు కొనిద్దామనుకున్నాను. మూడు రోజులు పొద్దున్నే వెళ్లి గేటు బయట టీ బండి దగ్గర కూర్చుని మాట్లాడాను. వైద్యం చాలామందికి ప్రభుత్వ పథకంలో జరిగిపోతోంది. రోగితో వచ్చిన మనిషి ఖర్చుకే అప్పు చేస్తున్నారు. రోజుకు రెండు పూటల భోజనం, కూలి పోవడం, డిశ్చార్జి రోజున ఊరెళ్లడానికి ఛార్జీలు. కుట్లు వేసిన మనిషిని కిక్కిరిసిన బస్సులో నిలబెట్టి తీసుకెళ్లలేరు కదా. ఆటో మాట్లాడాలంటే చేతిలో డబ్బుండదు.

ఇప్పుడు నేను ఇచ్చేది రెండే. వచ్చిన రోజు ఒక సంచి: చాప, దుప్పటి, స్టీలు కంచం, గ్లాసు, సబ్బు, తువ్వాలు. వెళ్లే రోజు ఇంటిదాకా ఛార్జీలు. వినడానికి చిన్నవే, కానీ వాళ్లు వడ్డీకి తెచ్చుకునేది వీటికే.

డబ్బు ఎవరి చేతికి

మా మార్కెట్ కళాసీల (బస్తాలు మోసేవాళ్ల) పిల్లల చదువులకు ఏటా కొంత ఇస్తాను. మొదటి ఏడాది ఒక అబ్బాయి ఇంజినీరింగ్ ఫీజుకు పద్దెనిమిది వేలు అతని తండ్రి చేతిలో పెట్టాను. ఆ సాయంత్రమే వడ్డీవాడు గుమ్మంలో కూర్చున్నాడు. డబ్బు అటు పోయింది. అబ్బాయికి హాల్ టికెట్ రాలేదు. తండ్రి నా ముందుకు రావడానికి సిగ్గుపడి నెల్లాళ్లు మార్కెట్‌కే రాలేదు. ఆయన తప్పేం లేదు. గుమ్మంలో అప్పులవాడు కూర్చున్నప్పుడు ఇంట్లో ఉన్న డబ్బును ఎవరూ దాచలేరు. అలాంటి ఇంటికి నగదు పంపడం నా తప్పు.

అప్పటి నుంచి ఫీజు నేరుగా కాలేజీ బ్యాంకు ఖాతాకే కడతాను. విద్యార్థి పేరు, అడ్మిషన్ నంబరు రాసి, రసీదు విద్యార్థి పేరునే తీసుకుంటాను. కట్టే ముందు ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉందో లేదో చూస్తాను. ఉండి ఆలస్యమైతే, ఆ డబ్బు తర్వాత వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే మాట్లాడుకుంటాం. మా దగ్గర ఒప్పందం ఏమిటంటే, అది వచ్చే ఏడాది ఫీజుకు అట్టే పెడతారు. ఆసుపత్రి విషయంలోనూ అంతే. ముందు ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో అక్కడి సహాయ కౌంటర్‌లో అడగాలి. వర్తించేదానికి మనం కట్టడం వృథా. వర్తించని స్కానింగో, బయటి పరీక్షో అయితే ల్యాబ్‌కు మనమే బిల్లు కట్టాలి.

చిన్న మొత్తాలకు మాత్రం ఈ నియమం పెట్టుకోకండి. దారి ఖర్చులకని రెండు వేల లోపు అడిగితే చేతిలో పెట్టేస్తాను, లెక్క అడగను. అందులో ఒకరిద్దరు మోసం చేసినా సరే. నిజంగా అవసరమైనవాళ్లను నిలబెట్టి ప్రశ్నలు వేయడం నావల్ల కాదు.

ధర్మం ఖాతా

నాన్నగారు రోజూ చిట్టాలో మొదటి పద్దు ధర్మం పేరున రాసేవారు. పావలాయో, రూపాయో. బోణీ అయిన డబ్బులోంచి తీసి వేరే డబ్బాలో వేసేవారు. చిన్నప్పుడు అది పూజలాంటిది అనుకున్నాను. అది లెక్క అని ఇప్పుడు అర్థమవుతోంది.

ఒక విడి బ్యాంకు ఖాతా తెరవండి. ఒక పుస్తకం పెట్టండి. తేదీ, ఎవరికి, దేనికి, ఎవరి పేరున కట్టాం, రసీదు నంబరు. ఈ ఐదు గళ్లూ అందరూ రాస్తారు. ఆరో గడి గీయండి: "ఆర్నెల్ల తర్వాత". అందులో రాయాలంటే మీరు మళ్లీ వెళ్లి చూడాలి. అసలు పని అదే.

నేను 2020లో పన్నెండు కుట్టు మిషన్లు ఇచ్చాను. ఆర్నెల్ల తర్వాత వెళ్తే ఐదింటి మీద పని నడుస్తోంది. నాలుగు మూల పడి ఉన్నాయి. మూడు అమ్మేసుకున్నారు. అమ్ముకున్నవాళ్ల మీద కోపం రాలేదు. మిషను ఇచ్చాను గానీ గిరాకీ ఎక్కడి నుంచి వస్తుందో నేను ఆలోచించలేదు. నడుస్తున్న ఐదూ పక్కనే టైలర్ దుకాణం ఉండి చీరలకు ఫాల్, జాకెట్లకు హెమ్మింగ్ పనులు దొరికే ఇళ్లలో ఉన్నవి. ఆ తర్వాత మిషను ఇవ్వాలంటే ముందు పని ఇప్పించేవాళ్లను వెతుకుతున్నాను. ఆరో గడి లేకపోతే ఇంకో పన్నెండు కొని ఇచ్చేసేవాణ్ణి.

ఫొటోల మాట ఒకటి చెప్పాలి. సాయం తీసుకునే మనిషి మొహాన్ని ఫోనులో తీయకండి, వాట్సాప్‌లో పెట్టకండి. మన కొట్లో అరువు పట్టుకెళ్లిన మనిషి పేరు బోర్డు మీద రాసేవాళ్లమా? ఐర్లండ్ మూలాలున్న చక్ ఫీనీ అనే అమెరికా వ్యాపారి విమానాశ్రయాల్లో డ్యూటీ ఫ్రీ దుకాణాలు నడిపి సంపాదించినది దాదాపు అంతా 1982లో పెట్టిన ఫౌండేషన్ ద్వారా ఇచ్చేశాడు. మొత్తం 800 కోట్ల డాలర్లకు పైనే. పదిహేనేళ్ల పాటు ఆ డబ్బు ఎవరిదో తీసుకున్నవాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. చివరికి అద్దె ఇంట్లో ఉంటూ, 2020లో ఫౌండేషన్‌లో డబ్బంతా ఖర్చయ్యాక దాన్ని మూసేసి, 2023లో కన్నుమూశాడు. ఈ మాట చదివిన రోజు నేను గుడి రాతి పలక మీద నా పేరును గుర్తు చేసుకున్నాను. ఆ తర్వాత ఎక్కడా పేరు వేయనివ్వలేదు.

ట్రస్టు పెట్టాలా?

మొదటి రెండేళ్లూ వద్దు. ఏ పని చేస్తారో మీకే తేలకముందు ట్రస్టు పెడితే కాగితాలకే సగం ఓపిక పోతుంది. ఈలోగా నమ్మకమైన సంస్థలకు ఇస్తూ చూడండి.

పెట్టాలనుకుంటే దస్తావేజు జాగ్రత్తగా రాయించండి. ఉద్దేశాలు విశాలంగా, ఆదాయాన్ని ఎవరూ సొంతానికి వాడుకోకూడదని గట్టిగా రాయాలి. ఒకసారి ట్రస్టుకు రాసిన ఆస్తి మళ్లీ మనది కాదు. ట్రస్టీలందరూ చుట్టాలే ఉండకూడదు. మా దాంట్లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, ఒక రిటైర్డ్ నర్సు ఉన్నారు. నాకు ఎదురు చెప్పేది వాళ్లిద్దరే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి, పాన్ తీసుకుని, ఆదాయపు పన్ను శాఖలో 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (విరాళం ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు) కింద నమోదు చేయించుకోవాలి. 2026 ఏప్రిల్ నుంచి వర్తించే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ సెక్షన్ల నంబర్లు వేరు, ఆడిటర్‌ను అడిగి చేయండి.

80జి గురించి మార్కెట్‌లో చాలామందికి రెండు సంగతులు తెలియవు. రెండు వేలు దాటి నగదుగా ఇచ్చిన విరాళానికి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఆ మినహాయింపే లేదు. పన్ను మిగులుతుందని ఇద్దామనుకుంటే ముందే చూసుకోండి.

ఇంకొకటి, ఇది మన విశాఖ ఇళ్లకు బాగా అవసరం. పిల్లలు అమెరికాలో ఉంటారు, "నాన్నా, ట్రస్టుకు మేమూ పంపుతాం" అంటారు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నంతవరకు వాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాక పంపితే, సొంత కూతురైనా సరే, ట్రస్టుకు అది విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం కింద కేంద్ర హోం శాఖ దగ్గర ఎఫ్‌సీఆర్ఏ అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. అవి లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకండి.

సగం మీరు, సగం వాళ్లు

అట్లాంటాలో ఉండే మా అమ్మాయి ఒకసారి జూలియస్ రోజెన్‌వాల్డ్ గురించి చెప్పింది. ఆయన మన లాంటి వ్యాపారే. బట్టల వ్యాపారి కొడుకు, షికాగోలో సియర్స్ రోబక్ కంపెనీని పోస్టులో సరుకు పంపే పెద్ద వ్యాపారంగా నిలబెట్టాడు. 1912లో తన యాభయ్యో పుట్టినరోజుకు నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ నడిపే టస్కెగీ విద్యాసంస్థకు 25 వేల డాలర్లు ఇచ్చాడు. అందులో కొంత సొమ్ముతో అలబామా పల్లెల్లో నల్లజాతి పిల్లలకు ఆరు బడులు కట్టారు. 1932 నాటికి అలాంటివి దాదాపు ఐదు వేలయ్యాయి. ఆయన పెట్టిన షరతు నన్ను పట్టుకుంది. బడి కట్టడానికి మొత్తం డబ్బు ఇవ్వడు. ఊరివాళ్లు కొంత పెట్టాలి, స్థానిక ప్రభుత్వం కొంత పెట్టాలి. కూలీనాలీ చేసుకునే ఆ నల్లజాతి కుటుంబాలు డబ్బు, స్థలం, కలప, పని రూపంలో పెట్టింది లెక్కేస్తే ఆయన నిధి ఇచ్చినదానికంటే కొంచెం ఎక్కువే తేలింది. కట్టిన బడి వాళ్లదైంది.

ఇది విన్నాక పాడేరు అవతల ఒక కొండ ఊళ్లో చేసి చూశాం. ముప్పై నాలుగు ఇళ్లు. ఆడవాళ్లు రోజుకు మూడు సార్లు కొండ దిగి గెడ్డ (వాగు) నుంచి నీళ్లు మోసేవారు. ఊరికి పైన, అర కిలోమీటరు దూరంలో ఎండాకాలంలోనూ ఎండని ఊట ఉంది. ఊట దగ్గర చిన్న సిమెంటు తొట్టె కట్టి, గులకరాళ్లు, ఇసుక వేసిన వడపోత గది పెట్టి, అక్కడి నుంచి పైపు పాతితే నీళ్లు వాటంతట అవే ఊళ్లోకి దిగుతాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు. ఏజెన్సీలో ఈ పద్ధతి చాలా ఊళ్లలో ఉంది.

ఊరి పెద్దలతో మూడు సార్లు కూర్చున్నాం. పైపులు, సిమెంటు, కుళాయిలు, మేస్త్రీ ఖర్చు మావి. గొయ్యి తవ్వడం, రాయి, ఇసుక మోయడం ఊరివి. ఇంటికి ఒక మనిషి చొప్పున పదిహేడు రోజులు తవ్వారు. పైపు లోతుగా పాతకపోతే పశువులు తొక్కి పగులుతుందని, రెండడుగులు సరిపోవని, మూడడుగులు తవ్వాలని చెప్పింది వాళ్లే. మా మేస్త్రీకి ఆ సంగతి తోచలేదు. ఇంకో షరతు కూడా పెట్టాం: ఇంటికి నెలకు ఇరవై రూపాయలు వసూలు చేసి ఊళ్లోనే ఒక ఆడమనిషి దగ్గర ఉంచాలి. కుళాయి పాడైతే ఆ డబ్బుతోనే బాగు చేసుకోవాలి. "అంత తక్కువ డబ్బుకు లెక్కెందుకు, మీరే ఇచ్చేయొచ్చుగా" అని మాతో వచ్చిన ఒక మిత్రుడు అన్నాడు. ఇవ్వొచ్చు. కానీ పాడేరు ఘాట్ ఎక్కి నేను ఎన్నేళ్లు వెళ్లగలను?

రెండేళ్ల తర్వాత కూడా ఒకసారి చూసి ఆరో గడిలో రాద్దామని వెళ్లాను. నాలుగు కుళాయిల్లో మూడు కొత్తవి. "ఎవరు మార్చారమ్మా?" అని డబ్బు దాచే ఆవిడను అడిగాను. ఆవిడ లోపలికి వెళ్లి బడిపిల్లల నోట్ బుక్కు ఒకటి తెచ్చి చూపించింది. సంతలో కొన్న కుళాయిల ధర, వాషర్ల ధర, బిగించిన కుర్రాడికి ఇచ్చిన యాభై రూపాయలు, మిగిలిన నిల్వ, తేదీతో సహా రాసి ఉన్నాయి. మొదటి పేజీ పైన, ఎవరు నేర్పారో గానీ, ఊరి పేరు రాసి కింద "ఖాతా" అని గీత గీసి ఉంది.